మా రెండు జిల్లాల ప్రజాప్రతినిధులకు, యుద్ధకాలంలో కార్టూన్లు గీసేవాళ్ల తరఫున

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు, ఎంపీలకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళంలో పిల్లలకు బొమ్మలు నేర్పే డ్రాయింగ్ మాస్టార్ని. మీ అందరినీ ఒక్క మాట అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. యుద్ధం వచ్చినా, వచ్చేలా ఉన్నా, మీ మీద గీసిన కార్టూన్‌ను సైన్యం మీద గీసినట్టు చూడకండి. మీ పేరు చెప్పుకుని ఎవరూ ఆ బొమ్మ గీసినవాళ్ల ఇంటి మీదికి వెళ్లకుండా, పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ పెట్టకుండా, మీరే ముందుగా అందరికీ వినబడేలా మాటివ్వండి. ఇది ఏ ఒక్క పార్టీ వారినో ఉద్దేశించి రాసింది కాదు. ఇవాళ అధికారపక్షంలో ఉన్నవారు రేపు ప్రతిపక్షంలో కూర్చుంటారు. ఆ రోజున మీ మాట జనంలోకి తీసుకెళ్లేది కూడా ఆ కార్టూనే.

ఎందుకు అడగాల్సి వచ్చిందో చెబుతాను.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది, 10వ తేదీన కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజులూ మా వీధుల్లో ఉన్న టెన్షన్ టీవీ చూసి తెచ్చుకున్నది కాదు. ఈ రెండు జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా సైన్యంలో ఉన్న కొడుకో, అల్లుడో, తమ్ముడో కనిపిస్తాడు. తెల్లారకుండానే రోడ్ల మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లను మీరూ కార్లలోంచి చూస్తూనే ఉంటారు. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి ఇక్కడే ఉంది. ఫోన్ కలవకపోతే ఇంట్లో పొయ్యి వెలిగించని అమ్మలు ఉన్న ప్రాంతం ఇది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక కాలేజీలో పిల్లల బొమ్మల ప్రదర్శన పెట్టాం. అందులో ఒక అమ్మాయి వేసిన కార్టూన్ గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీలో చాలామంది దాన్ని చూసి ఉండరు. ఆమదాలవలస స్టేషన్ బయట ఒక జవాను. భుజాన నల్ల ట్రంకు పెట్టె, చేతిలో గుడ్డ సంచి. సెలవు మీద ఇంటికి వస్తున్నాడని తెలుస్తుంది, ఎందుకంటే సంచిలోంచి పిల్లల బొమ్మ కారు చక్రం ఒకటి బయటికి కనబడుతోంది. అతని ఎదురుగా ఆకాశమంత ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో ఒక యుద్ధవిమానం, ఒక ట్యాంకు, మధ్యలో చేతులు జోడించిన నాయకుడి ముఖం. కింద మూలన, గుర్తింపు కార్డు మీద ఫొటో అంత సైజులో ఒక సైనికుడు. ఆ ఫ్లెక్సీ వెనక బస్సుల టైంటేబుల్ బోర్డు అంచు మాత్రం కొద్దిగా కనబడుతోంది. జవాను పక్కనున్న టీ కొట్టాయన్ని అడుగుతున్నాడు: "మా ఊరి బస్సు ఎన్నింటికి బాబాయ్?"

అంతే బొమ్మ. నాయకుడి ముఖంలో ఎవరి పోలికా లేదు. గుండ్రటి ముఖం, చిన్న మీసం, అంతే.

మర్నాడు పొద్దున్న చూస్తే గోడ మీద ఆ బొమ్మ లేదు. ఎవరో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది తమ నాయకుడేనని ఇంకెవరో అనుకున్నారు. "దేశం ఇలా ఉన్నప్పుడు సైనికుల్ని అవమానించే బొమ్మలు వేయిస్తారా" అని ఫోన్ వచ్చింది. కేసు పెడతామన్నారు. కాలేజీ వాళ్లు భయపడి తీసేశారు. వాళ్లను నేను తప్పుపట్టను.

ఆ అమ్మాయి తండ్రి సైన్యంలో హవల్దార్. మే నెలలో సరిహద్దులోనే ఉన్నాడు. కేసు మాట విని ఆ అమ్మాయి నాయనమ్మ మా ఇంటికి వచ్చి అడిగింది: "బొమ్మేసినందుకు కేసేటి బాబూ? మావోడు అక్కడ తుపాకీ అట్టుకుని నిలబడలేదేటి?"

ఆవిడకు నేనేం చెప్పగలను? మీరు చెప్పాలి.

ఇలాంటి ఫోన్ చేసినవాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. యుద్ధమప్పుడు నాయకుల్ని విమర్శిస్తే శత్రువుకు బలం చేకూరుతుందని నిజంగా నమ్మేవాళ్లు ఉన్నారు. ఆ నమ్మకం పాతదే, పెద్ద పెద్ద దేశాల్లో పెద్ద పెద్దవాళ్లకు కూడా ఉండేది. 1942 మార్చిలో లండన్‌లో ఏం జరిగిందో ఒకసారి చూడండి.

డైలీ మిర్రర్ పత్రికలో ఫిలిప్ జెక్ అనే ఆయన కార్టూన్ వేశాడు. నల్లటి సముద్రం, ముక్కలైన ఓడ తాలూకు తెప్ప, దాన్ని పట్టుకుని బోర్లా పడి ఉన్న ఒక నావికుడు. కింద ఒకే వాక్యం: పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగిందని ప్రభుత్వ ప్రకటన. జెక్ ఉద్దేశం సూటిగానే ఉంది. మీరు కారులో పోసుకునే పెట్రోలును మనుషులు ప్రాణాలొడ్డి తెస్తున్నారు, వృథా చేయకండి అని. జర్మన్ జలాంతర్గాములు ట్యాంకర్లను ముంచేస్తున్న రోజులవి. కానీ చర్చిల్ ప్రభుత్వం దాన్ని ఇంకోలా చదివింది. చమురు కంపెనీలు లాభాలు చేసుకోవడానికి నావికులు చస్తున్నారని చెబుతున్నట్టు తీసుకుంది. హోంమంత్రి హెర్బర్ట్ మోరిసన్ పత్రిక వాళ్లను పిలిపించి, యుద్ధకాలపు నిబంధన కింద పత్రికనే మూయించేస్తామని హెచ్చరించాడు. అది ఉత్తుత్తి బెదిరింపు కాదు. అంతకుముందు ఏడాది జనవరిలో డైలీ వర్కర్ పత్రికను అదే నిబంధన కింద మూసేశారు.

అప్పుడు ఆ దేశపు పార్లమెంటు సభ్యులు ఏం చేశారన్నది మీరు గమనించాలి. మార్చి 26న హౌస్ ఆఫ్ కామన్స్‌లో దాని మీద చర్చ పెట్టారు. బాంబు దాడులు చవిచూసిన నగరంలో, సింగపూర్ జపాన్ చేతిలో పడిన నెలన్నరకే, ఒక కార్టూన్ మీద చర్చ! లేబర్ పార్టీకి చెందిన అన్యూరిన్ బెవన్ అదే పార్టీ మంత్రిని సభలో నిలదీశాడు. చివరికి పత్రిక మూతపడలేదు. యుద్ధం ఓడిపోనూ లేదు.

అదే జెక్ 1945 మే 8న, ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజున, ఇంకో బొమ్మ వేశాడు. తలకు, చేతికి కట్లు కట్టుకున్న ఒక సైనికుడు శిథిలాల మధ్య నిలబడి, ఐరోపాలో విజయం, శాంతి అని రాసున్న దండను మనకు అందిస్తూ, ఇదిగో తీసుకోండి, మళ్లీ పోగొట్టుకోకండి అంటాడు. జులై 5న పోలింగ్ రోజున ఆ పత్రిక అదే బొమ్మను మళ్లీ మొదటి పేజీలో వేసింది. యుద్ధం గెలిపించిన చర్చిల్ ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు, లేబర్ పార్టీకి 393 సీట్లు వచ్చాయి. ఒక్క కార్టూన్‌తో ఎన్నిక తిరగబడిందని నేను అనను. జనం మనసులో ఉన్నది ఆ బొమ్మలో ఉందని మాత్రం అంటాను.

ఇక్కడ ఒక సంగతి మీ వృత్తికి దగ్గరగా ఉంది. బ్రిటన్‌లో 1935 తర్వాత మళ్లీ సాధారణ ఎన్నికలు జరిగింది 1945లోనే. యుద్ధం వల్ల వాయిదా వేశారు. ఆ పదేళ్లలో సాధారణ ఎన్నికల్లో ఓటు వేసే అవకాశం లేని జనం ఏమనుకుంటున్నారో పార్లమెంటుకు తెలియాలంటే ఉత్తరాలు, వార్తలు, కార్టూన్లే దారి. మన దగ్గరా అంతే. ఢిల్లీలో కేంద్ర శాసనసభకు 1934లో ఎన్నికలైతే తర్వాతవి 1945లోనే. మద్రాసు శాసనసభకు 1937లో జరిగితే మళ్లీ 1946లో. 1937లో బొబ్బిలి నుంచి బొబ్బిలి రాజావారి మీద పోటీ చేసి వి.వి. గిరి గెలిచిన సంగతి మీకు తెలిసిందే. ఆయన మంత్రి కూడా అయ్యారు. రెండేళ్లు తిరిగేసరికి, 1939 సెప్టెంబర్ 3న, వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. జనం ఎన్నుకున్న సభల్లో ఒక్కదాన్నీ అడగలేదు. కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. ఇక ఆ తర్వాత మన ఊళ్లవాళ్ల తరఫున మాట్లాడే మంత్రీ లేడు, ఏళ్ల తరబడి ఓటూ లేదు.

ఆ ఏళ్లలో మనకేం జరిగిందో మీ ఇళ్లలోని ముసలివాళ్లను అడిగితే ఇప్పటికీ చెబుతారు. జెక్ కార్టూన్ వచ్చిన వారంలోనే, 1942 మార్చి 8న, బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతిలోకి పోయింది. మనవాళ్లు దాన్ని రంగం అనేవాళ్లు. రంగం వెళ్లొచ్చిన మనిషి లేని కుటుంబం మన తీరంలో తక్కువ. రేవుల్లో మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు, వేల మంది అడవులు, కొండలు దాటుకుంటూ నడిచి వచ్చారు. దారిలోనే పోయినవాళ్ల లెక్క సరిగ్గా తేలలేదు. తెల్లవాళ్లకు ఒక దారి, మనవాళ్లకు ఒక దారి పెట్టారన్న ఆగ్రహం అప్పుడు దేశమంతా ఉంది. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 6న, విశాఖ మీద బాంబులు పడ్డాయి. జనం పిల్లాపాపలతో లోపలి ఊళ్లకు వచ్చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది. తెప్ప మీద పడి ఉన్న ఒక్క నావికుడి బొమ్మ లండన్ పార్లమెంటును కదిలించింది. రంగం నుంచి నడిచి వచ్చిన మనవాళ్ల కోసం అలా ప్రభుత్వాన్ని నిలదీసి లెక్క అడగగల సభ మనకు ఉందా అప్పుడు? ఇవాళ ఉంది. అందులో మీరు కూర్చున్నారు. అందుకే ఇంత పట్టుబట్టి అడుగుతున్నాను.

కార్టూనిస్టుల్ని కాస్త తగ్గమని చెప్పడం కూడా మేలు చేయలేదు. 1937లో బ్రిటన్ మంత్రి లార్డ్ హాలిఫాక్స్ జర్మనీ వెళ్లినప్పుడు, లండన్ పత్రిక ఈవెనింగ్ స్టాండర్డ్‌లో డేవిడ్ లో అనే కార్టూనిస్టు వేసే బొమ్మలకు హిట్లర్‌కు ఒళ్లు మండిపోతోందని అక్కడివాళ్లు ఫిర్యాదు చేశారు. హాలిఫాక్స్ తిరిగొచ్చి ఆ కార్టూనిస్టుతో మాట్లాడాడు. శాంతి కోసం అన్నారు కదా అని ఆయన కొన్నాళ్లు తగ్గాడు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. డేవిడ్ లో మళ్లీ మునుపటిలా గీయడం మొదలుపెట్టాడు. తమాషా ఏమిటంటే, నాయకులను అంతగా ఏడిపించిన ఆ మనిషే 1940 మేలో చర్చిల్ వెనక మంత్రులంతా, వాళ్ల వెనక జనమంతా చొక్కా చేతులు మడుచుకుని నడుస్తున్నట్టు బొమ్మ వేశాడు. విమర్శించే హక్కున్నవాడు మెచ్చుకుంటేనే ఆ మెప్పుకు విలువ.

అయితే కార్టూన్ ఎప్పుడూ న్యాయం వైపే ఉంటుందా? ఉండదు. నా విద్యార్థులకు నేను మొదట చెప్పేది ఇదే. థియోడర్ గైసెల్ గురించి చెబుతాను. డాక్టర్ స్యూస్ పేరుతో ప్రపంచమంతా పిల్లలు చదువుకునే ఆయనే. 1941 నుంచి 1943 దాకా న్యూయార్క్‌లో పీఎం అనే పత్రికకు 400 పైగా రాజకీయ కార్టూన్లు వేశాడు. హిట్లర్ సంగతి మనకెందుకు అంటున్న అమెరికా నాయకులను, విమాన చోదకుడిగా పేరుపొందిన లిండ్‌బర్గ్ లాంటివాళ్లను ఉతికి ఆరేశాడు. అదే చేత్తో 1942 ఫిబ్రవరి 13న ఇంకో బొమ్మ వేశాడు. అమెరికా పశ్చిమ తీరంలో ఉంటున్న జపాన్ మూలాలవాళ్లు బారులు తీరి నిలబడి పేలుడు మందు పొట్లాలు తీసుకుంటున్నట్టు. అందరివీ ఒకటే ముఖాలు. ఆరు రోజులకు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దాదాపు 1,20,000 మందిని ఇళ్లలోంచి లాగి శిబిరాల్లో పెట్టారు. అందులో ఎక్కువమంది అమెరికా పౌరులే. 1988లో ఆ దేశపు చట్టసభ చట్టం చేసి మరీ వాళ్లకు క్షమాపణ చెప్పింది.

ఈ బొమ్మను, జెక్ బొమ్మను పక్కపక్కన పెట్టి చూడమని పిల్లలకు చెబుతాను. జెక్ బొమ్మ నిర్ణయాలు తీసుకునేవాళ్లను నిలదీసిందని పాలకులు భయపడ్డారు. గైసెల్ బొమ్మ నోరెత్తలేని పొరుగువాడిని అనుమానించమంది. 2025 మే నెలలో మన ఫోన్లలో తిరిగిన బొమ్మల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఫలానా మతంవాళ్లంతా ద్రోహులని చూపించే బొమ్మలు వేలకు వేలు షేర్ అయ్యాయి. వాటి మీద ఎవరి నుంచీ నాకు ఫోన్ రాలేదు. ఫ్లెక్సీ బొమ్మ మీదే వచ్చింది. మీ అనుచరులు కాపలా కాయాల్సి వస్తే ఎక్కడ కాయాలో మీరు చెప్పండి.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణలూ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. 1948లో కార్టూనిస్టు శంకర్ తన వారపత్రిక మొదలుపెట్టినప్పుడు, నన్ను కూడా వదిలిపెట్టొద్దని నెహ్రూయే ఆయనతో అన్నారు. ఆ పత్రిక 1975 ఎమర్జెన్సీలో మూతపడింది. 1987లో తమిళనాడులో ఆనంద వికటన్ అనే పత్రిక అట్ట మీద వేదికపై కూర్చున్న ఇద్దరిలో జేబుదొంగలా ఉన్నాయన ఎమ్మెల్యే, ముసుగుదొంగలా ఉన్నాయన మంత్రి అని ఒక కార్టూన్ వస్తే, సభా హక్కులకు భంగం కలిగిందని సంపాదకుడికి అసెంబ్లీయే మూడు నెలల జైలు వేసింది. గొడవ కావడంతో త్వరలోనే వదిలేశారు. ఆయన ఊరుకోకుండా హైకోర్టుకు వెళ్లి, ఆ అరెస్టు తప్పని తేల్పించి, 1,000 రూపాయల పరిహారం తీసుకున్నాడు. డబ్బు చిన్నదే. ఒక శాసనసభ కార్టూన్ ముందు ఓడిపోయిన కేసుగా అది మిగిలిపోయింది. మన అసెంబ్లీకి అలాంటి పేరు రాకూడదని నా కోరిక.

పైగా ఈ కళకు మనమేమీ పరాయివాళ్లం కాదు. తెలుగులో మొదటి కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు మే 20న జయపురంలో పుట్టారు. సాలూరు ఘాట్ ఎక్కి వెళ్తే వచ్చే ఊరే. ఇప్పుడు ఒడిశాలో ఉన్నా, అప్పట్లో అది విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆయన పుట్టినరోజునే తెలుగు కార్టూనిస్టులు తమ పండగగా చేసుకుంటారు.

ఇప్పుడు మాట ఇవ్వడంతో పాటు మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. అమెరికా రాజధానిలో క్లిఫర్డ్ బెర్రీమన్ అనే కార్టూనిస్టు రెండు ప్రపంచయుద్ధాల్లోనూ సెనేటర్లను, ప్రతినిధులను, అధ్యక్షులను గీశాడు. యుద్ధానికి మనుషులను సమీకరించే విషయంలో పెద్దలంతా తలోవైపు నడపబోతుంటే ఈ పడవ ఎక్కడికి పోతోందని అడిగే బొమ్మకు 1944లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆయన గీసిన అసలు బొమ్మలు దాదాపు 2,400 ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో తెలుసా? అమెరికా సెనేట్ సేకరణగా, ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్‌లో. తమ ముందుతరం వాళ్లను వెక్కిరించిన బొమ్మలు చట్టసభ సేకరణలోనే భద్రంగా ఉన్నాయి, వాటిని పిల్లలకు పాఠాలుగా చూపిస్తున్నారు.

శ్రీకాకుళంలోనూ, విజయనగరంలోనూ జిల్లా గ్రంథాలయాలు ఉన్నాయి. మేం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది. స్థానిక సంస్థలు ఆ డబ్బును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేసేలా చూడండి. మీ నిధుల్లోంచి కొంత కలపండి. రెండు చోట్లా ఒక్కో గది ఇప్పించండి. 1962, 1965, 1971, 1999 యుద్ధాల నాటి తెలుగు పత్రికలు ఇళ్ల అటకల మీద, పాత లైబ్రరీల్లో చెదలు పట్టిపోతున్నాయి. వాటిలో వచ్చిన కార్టూన్లను స్కాన్ చేయించి ఆ గదుల్లో పెడదాం. అప్పటి ఎంపీలను, మంత్రులను ఎలా గీశారో, ఏ మాట నిజమైందో, ఏది తప్పయిందో పిల్లలు చూస్తారు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ తీరంలోనే మునిగింది. ఆ రోజుల్లో మనవాళ్లు ఏం గీశారో మన పిల్లలకు తెలియాలి. స్కానింగ్ పనికి నేనూ, నా పాత విద్యార్థులూ వస్తాం. డబ్బులేమీ అక్కర్లేదు.

ఆ గదిలో ఒక గోడ ఇప్పటి పిల్లలకు వదలండి. అగ్నివీర్ కింద నాలుగేళ్లకు చేరి, నలుగురిలో ఒక్కరికే తర్వాత సైన్యంలో ఉద్యోగం ఉంటుందని తెలిసి కూడా పరిగెడుతున్న కుర్రాళ్లకు మీతో చెప్పుకోవాల్సింది చాలా ఉంది. అందరికీ మైకు దొరకదు, పెన్సిల్ దొరుకుతుంది.

ఈ ఉత్తరానికి జవాబు నాకు విడిగా రాయనక్కర్లేదు. పత్రికల్లోనే ఇవ్వండి, మీ మీద వేసిన కార్టూన్‌కు యుద్ధం పేరుతో కేసు పెట్టించబోమని, పెట్టబోయిన మీ మనుషుల్ని ఆపుతామని ఒక్కొక్కరూ మీ పేరు మీద చెప్పండి. ఫ్లెక్సీ బొమ్మ ప్రస్తుతం నా దగ్గర భద్రంగా ఉంది. మీలో ఎవరైనా ముందుకొచ్చి ప్రదర్శన తిరిగి ప్రారంభిస్తామంటే తేదీ చెప్పండి. ఆ అమ్మాయి తండ్రి వచ్చే సెలవుకు ఇంటికొచ్చేలోగా అయితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ మాస్టారు,
శ్రీకాకుళం